గడ్డందాకా వచ్చిన గీత

టేపాయన చెట్టును రెండు చేతులా కౌగిలించుకుని, అవతలివైపు నుంచి వచ్చిన టేపు కొసను తడుముకుని పట్టుకున్నాడు. ఎనభైలో ముప్పై రెండో చెట్టు. ఊరంతా కలిసి కాపాడుకుంటున్న అడవి అది. చెట్లు ఎంత లావెక్కితే గాలిలోని పొగను అంత మింగినట్టు లెక్క. లెక్క సరిగ్గా ఉన్నన్నాళ్లే అడవి ఊరి సంఘం చేతిలో ఉంటుంది. రేపే తనిఖీ.

చుట్టుకొలత గుండె ఎత్తులో తీయాలన్నది నియమం. ఎవరి గుండె అని ఎవరూ అడగలేదు. ఇరవై రెండేళ్లుగా అది ఆయన గుండే. మొదటి ఏడాది చెట్ల మీద దానికి ఎదురుగా వేసిన ఎర్రగీత ఇప్పుడు గడ్డానికి వచ్చింది. చెట్టు పెరిగి గీతను పైకి మోసుకుపోయిందని ఆయన నమ్మకం. అందుకే నాలుగేళ్లుగా గీత వదిలేసి, దాని కింద కొలుస్తున్నాడు. ఎవరన్నా అనుమానపడితే ఒప్పుకునేవాడు కాదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య గీతనూ, ఆయన గడ్డాన్నీ చూసి నవ్వింది.

"చెట్టు చివర్న పెరుగుద్దయ్యా. గీత ఎక్కడికీ పోలేదు, నువ్వే వంగిపోయావు."

ఆయన ముద్ద పక్కన పెట్టి లెక్కల పుస్తకం తీశాడు. కింద మొదలు లావు, అంటే నాలుగేళ్లుగా ఉన్నదానికన్నా ఎక్కువే రాశాడు. ఫోను చేస్తే సంఘం పెద్ద కాసేపు తిట్టి, ఈసారికి ఊరుకోమంది, తనిఖీవాళ్లు చూసేది నాలుగు చెట్లేనంది.

"వాళ్లు పట్టుకుంటే అడవి పోతుంది. పట్టుకోకపోతే నా నిద్ర పోతుంది," అన్నాడాయన.

ఆ మొండితనమంటే భార్యకు ముప్పై ఏళ్లుగా ఒళ్లుమంట, అంతకు మించి ముద్దు. ఒక తిన్నని కర్ర నరికి, గీత పక్కన నిలబెట్టి, సరిగ్గా అదే ఎత్తులో కొడవలితో గాటు పెట్టింది. గీతలు చెరిగిపోయిన చెట్లకు ఆ గాటే కొలత. ఆమె కర్ర పట్టుకుంటే ఆయన టేపు చుట్టాడు. మళ్లీ మొదటి నుంచి, ఎనభై చెట్లూ. అంకెలు తగ్గాయి. అయినా అడవి పెరిగే ఉంది.

పొద్దు వాలేసరికి చివరి చెట్టు అయింది. ఆయన పుస్తకంలో అడుగున "నాలుగేళ్ల తప్పు నాది, చెట్లది కాదు" అని రాసి, సంతకం చేసి, చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆమె గిన్నెలు కడగడానికి వాగుకు దిగింది.

తిరిగొచ్చి పిలిస్తే పలకలేదు. కునుకు తీస్తున్నాడనుకుని పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

ఆయన పోయిన కబురు తెలిసి తనిఖీవాళ్లు వారం ఆగి వచ్చారు. ఆయన రాసింది చదివారు, చెట్లు కొలిచారు, అంకెలు సరిపోయాయి. అడవి ఊరిదిగానే ఉంది.

కర్ర మాత్రం ఆ చివరి చెట్టు పక్కనే నిలబడి ఉంది, దాని గాటు ఆయన నిటారుగా నడిచిన రోజుల గుండె ఎత్తులో.