కంచె పడిన గట్టు

"అవతలి గట్టున జనం లేరండీ. చేపల కాలంలో ఎవరో వచ్చి పాకలేసుకుంటారు, పోతారు. అంతే," అన్నాడు సర్వేయరు కాంట్రాక్టరుతో.

పడవ నడుపుతున్న తెడ్డక్క చెయ్యి ఆగిపోయింది. మొగుడు పోయినప్పట్నుంచీ ఆ సరస్సు మీద మనుషుల్ని దాటించి బతుకుతోందామె. పుట్టిందీ మెట్టిందీ ఆ గట్టునే. వెనక రాతికొండ, ముందు నీళ్లు, మధ్యలో ఇరుక్కున్న సన్నటి నేల. ఒక కొసన చేపలు పట్టేవాళ్ల ఇళ్లు, ఇంకో కొసన జమ్ము కోసి చాపలల్లేవాళ్ల పాకలు. పొయ్యిల పొగ ఇక్కడికే కనిపిస్తోంది.

"ఆ పొగ ఎవరిదయ్యా మరి?" అంది.

"నువ్వు పడవ చూసుకో," అన్నాడు కాంట్రాక్టరు.

తర్వాత కొద్దిరోజులకే ఇళ్లకూ నీళ్లకూ మధ్య ముళ్లకంచె లేచింది. సరస్సు ఇక కాంట్రాక్టరుదన్నారు. బిందె పట్టుకెళ్లిన బాలింతను కాపలావాడు తోస్తే ముళ్లతీగ మీద పడింది. తెడ్డక్కే ఆమెను లేవదీసింది. జబ్బ నిలువునా చీరుకుపోయి ఉంది.

ఆ సాయంత్రం ఊరంతా కంచెకివతల ఒడ్డుకు లాగిపెట్టిన పడవల దగ్గర చేరింది. చేరిందన్నమాటే గానీ, రెండు గుంపులుగా.

"ఇది వలలున్నవాళ్ల గొడవ. మేం తేల్చుకుంటాం," అన్నాడు పడవల పెద్ద.

"తేల్చుకోండి. జమ్ము మోపు మీ పడవకు ఆనితేనే తిట్టేవాళ్లు, మేమెందుకు అడ్డం?" అన్నాడు చాపల తాత.

తెడ్డక్కకు ఒళ్లు మండింది. కూర్చోలేక లేచింది. "వాళ్ల లెక్కలో నువ్వూ లేవు మామా, నువ్వూ లేవు తాతా. నీళ్లు పోయాక ఏ కొసన కూర్చుని తిట్టుకుంటారు? పొద్దున్నే కంచె పీకుదాం రండి."

"కంచె పీకితే పోలీసులొస్తారే," అన్నాడు తాత చివరికి.

"వస్తారు. నాకూ భయంగానే ఉంది. పీకకపోతే బతుకుతామా, చెప్పు?"

తెల్లారాక తాతే చేతులకు గోనె చుట్టుకుని అందరికంటే ముందొచ్చి మొదటి గుంజ పట్టుకున్నాడు. రెండో వైపు పడవల పెద్ద పట్టాడు. పొద్దెక్కేసరికి కంచె నేలమట్టమైంది. కాపలావాడు ఎటు పోయాడో కనిపించలేదు.

మధ్యాహ్నం కాంట్రాక్టరు మోటారు పడవలో పోలీసులు దిగారు.

"ఎవడు పీకాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"జనం లేని గట్టన్నారు గదా సారూ. ఎవర్ని పట్టుకెళ్తారు?" అంది తెడ్డక్క.

చెంప పగిలింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఆమెనూ తాతనూ పడవలోకి నెట్టారు.

గట్టు దూరమవుతుంటే ఆమె తల తిప్పి చూసింది. పడవల పెద్ద తన పడవను నీళ్లలోకి తోసి, తాత కోడలికి చెయ్యందించి ఎక్కించాడు. వెనకే ఇంకో పడవ, ఆ వెనక మరోటి. జమ్ము కోసేవాళ్లు కొడవళ్లు గట్టునే వదిలేసి ఎక్కుతున్నారు. జబ్బకు గుడ్డ కట్టుకున్న బాలింత కూడా బిడ్డతో ఎక్కింది.

పట్నం రేవులో ఐసు దిమ్మలు మోసే కూలీలు పని ఆపి చూశారు. "ఎవరమ్మా కొట్టింది?" అని ఒకడు బాలింత జబ్బకున్న కట్టు చూసి అడిగాడు. ఆమె చెప్పింది. అతను తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని వాళ్ల వెంట నడిచాడు. అతని వెనక మిగతావాళ్లు.

స్టేషన్ గేటు లోపల్నుంచి మూసేశారు. చీకటి గదిలో నేల మీద కూర్చున్న తెడ్డక్క గోడకు చెవి ఆనించింది. బయట పడవల పెద్ద గొంతు వినిపించింది.

"కాస్త సర్దుకుని కూర్చోండ్రా. ఇంకా వస్తున్నారు."