తిరిగి చెప్పని అంకె

నాకు ముక్కు మీదే కోపం. మా ఆవిడ ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది, వింటేగా!

సరిహద్దుకు ఇవతల గ్యాస్ పైప్‌లైన్ స్టేషన్‌లో నా ఉద్యోగం. రోజూ ఉదయం ఎనిమిదింటికి అవతలి దేశపు స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. అక్కడి ఆపరేటర్ పైపులో ఒత్తిడి ఎంతుందో అంకె చెబుతాడు. నేను అదే అంకె తిరిగి చెప్పాలి. చెబితేనే అతను డ్యూటీ దిగినట్టు. ముఖాలు ఎన్నడూ చూసుకోలేదు గానీ నాకతను అన్న, అతనికి నేను తమ్ముణ్ణి.

రెండు ప్రభుత్వాలకూ చెడింది. ఆ ఉదయం అన్న గొంతు తగ్గించి అన్నాడు.

"నలభై రెండు. ఈ పూటే వాల్వు మూసేస్తున్నాం తమ్ముడూ. పైనుంచి ఆర్డరు."

నా ఒళ్లు మండిపోయింది. మా ఊరి కరెంటంతా ఈ గ్యాస్‌తోనే. ఏడో నెలలో పుట్టిన నా మనవరాలు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది.

"ఆ పసిదాని ఉసురు మీకు తగలకపోదు!" అని ఫోన్ విసిరికొట్టాను. అంకె తిరిగి చెప్పలేదు.

పైపులో మిగిలిన గ్యాస్ మూడు రోజులకు మించి రాదు. నాలుగో రోజు ఉదయం చూస్తే గేజు ముల్లు నలభై రెండు దగ్గరే ఉంది. సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్.

"నలభై రెండు. తిరిగి చెప్పు తమ్ముడూ."

దొంగచాటుగా వదులుతున్నాడన్నమాట, మహానుభావుడు! ఎవరైనా వింటే అతని కొంప మునుగుతుందని నోరు మెదపకుండా ఫోన్ పెట్టేశాను. వారమంతా అదే తంతు.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఆఫీసు లైనులో నేనే ఫోన్ చేస్తే అవతల ఎవరో కొత్త ఆపరేటర్ పలికాడు. అన్న ఏడని అడిగాను.

"ఆయనా? వాల్వు మూసిన రోజే పోయారండీ. డ్యూటీ దిగమంటే, తమ్ముడింకా తిరిగి చెప్పలేదని కుర్చీలోంచి లేవలేదట. రిసీవరు చేతిలో ఉండగానే ప్రాణం పోయింది."

"మరి గ్యాస్?"

"గ్యాసేంటండీ? ఆ రోజే తాళం వేసి సీలు కొట్టాం. రవ్వంత కూడా వదల్లేదు."

గేజు చూశాను. నలభై రెండు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. పెట్టెలో పిడికెడంత పిల్ల కాళ్లాడిస్తోంది.

"ఇంకా తొమ్మిది రోజులు ఉంచాలన్నారు నాన్నా. కరెంటు పోదు కదా?" అంది మా అమ్మాయి.

"పోదమ్మా."

మర్నాడు ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఆ గొంతులో ఓపిక లేదు.

"నలభై రెండు. తిరిగి చెప్పు తమ్ముడూ. అలసిపోయాను. ఇంటికి పోతాను."

ఒక్క మాట చెబితే చాలు, అన్న వెళ్లిపోతాడు. ముల్లూ పడిపోతుంది. నాకు ఏడుపు ఆగలేదు. అది కూడా అతనికి వినబడకూడదని నోరు గట్టిగా మూసుకుని, ఫోన్ పెట్టేశాను.