హన్నా మాయను పాతిన చోటు

నాచారంలో మార్తమ్మ చేతి మీదుగా పుట్టిన పిల్లలు ఒక బడికి సరిపోతారు. అయినా ఆమె వేళ్ళకు గుర్తుండిపోయింది ఒక్క కాన్పే. ఆరేళ్ళ కిందట, పొరుగింటి రాజ్యం పెద్దకూతురు హన్నాది. బిడ్డ చచ్చి పుట్టింది. ఆ వెనకే ఫిట్స్ వచ్చి హన్నా పోయింది. గాలి సోకిందని రాజ్యం ఏడిస్తే మార్తమ్మ అవునంది. కాన్పులో పడ్డ మాయను ఆ ఇంటి పెరట్లో పాతడానికి తీసుకెళ్తూ మాత్రం చేత్తో తడిమి చూసింది. మెత్తగా ఉండాల్సింది అక్కడక్కడా గట్టిపడి ఇసుకలా గరుకుగా తగిలింది. మధ్యలో రేగుపళ్ళంత నల్లటి నెత్తురు గడ్డలు. పిండి పిసికినా, ప్రార్థనలో చేతులు జోడించినా ఆ గరుకు ఇప్పటికీ వేళ్ళ మధ్యకు వచ్చి కూర్చుంటుంది.

పందొమ్మిదివందల అరవై ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం రాజ్యం గోడ మీది నుంచి కేకేసింది. చిన్నకూతురు విక్టోరియా ఎనిమిదో నెలతో ఉప్పల్ నుంచి పుట్టింటికొచ్చింది.

"జర సూడక్కా, పెద్దదాని లెక్కనే మంచిగ ఒళ్ళు జేసింది."

మార్తమ్మ గబగబా రాజ్యం ఇంట్లోకి వెళ్ళింది. ఆనాడు హన్నాను చూసి ఆ మాట అన్నది తనే. మొహం నిండితే, గాజులు బిగిస్తే కడుపు కళ అని మురిసింది, మహా తెలిసినట్టు!

విక్టోరియా గాజులు మణికట్టులోకి దిగబడి ఉన్నాయి. మార్తమ్మ ఆ పిల్ల కాలి మీద బొటనవేలితో నొక్కింది. పడ్డ గుంట పూడలేదు.

"తలకాయ నొస్తుందా బిడ్డా?"

"మూడు దినాలసంది, పెద్దమ్మా. కండ్ల ముంగట మెరుపులు గిట్ల వస్తున్నయి."

హన్నా కూడా మెరుపులనే అంది. ఎండదెబ్బ అని మార్తమ్మ మజ్జిగ తాగించింది.

"గదే గాలి మళ్ళొచ్చింది," అంది రాజ్యం. "ఆదివారం పాస్టరయ్యతోని నూనె రాపించి ప్రార్థన జేపిస్త."

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నోరు విప్పితే ఆరేళ్ళ అబద్ధం బయటపడుతుంది, ఈ గడప మళ్ళీ తొక్కనివ్వరు. విప్పకపోతే ఈ పిల్లా పోతుంది. గుమ్మంలో హన్నా నిలబడి వింటున్నట్టే అనిపించి మార్తమ్మకు భయమేసింది.

"గాలి కాదు రాజ్యం. హన్నాకు గూడ గాలి కాదు. వాపు సూసి నేను కళ అన్న. తర్వాత మాయల నెత్తురు గడ్డలు సూసిన, నీకు జెప్పలే. పిల్లను ఇయ్యాల్నే దవాఖానాకు తీస్కపోదాం పా."

రాజ్యం ఆమె మొహంలోకి చూసింది. రిక్షా కోసం పరుగెత్తింది.

సికింద్రాబాద్ దవాఖానాలో బీపీ చూసి ఆ రోజే కాన్పు చేశారు. పుట్టిన పిల్ల పిడికెడంత ఉంది, కానీ ఏడ్చింది. విక్టోరియా కూడా గండం గట్టెక్కింది. డాక్టరమ్మ ట్రేలోని మాయను ఇద్దరికీ చూపించింది.

"చూడండమ్మా, ఇదంతా గట్టిపడిపోయింది. రక్తం గడ్డకట్టి దారులు మూసుకుపోయాయి. బిడ్డకు అందాల్సింది అందలేదు. ఆదివారం దాకా ఆగి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు."

మార్తమ్మ ఒక వేలు పెట్టి ముట్టుకుంది. అదే గరుకు.

మర్నాడు ఉప్పల్ నుంచి అల్లుడొచ్చి విక్టోరియా దగ్గర కూర్చున్నాక ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. ఇంటికి రాగానే రాజ్యం పెరటి తలుపు తీసింది.

"హన్నాది ఎక్కడ బెట్టినవ్?"

మార్తమ్మ అంట్లు తోమే బండను చూపించింది. కింద ఏముందో తెలియక, మరుసటి ఏడు రాజ్యమే వేయించుకున్న బండ అది.

రాజ్యం దాని పక్కన కూలబడింది.

"ఐదేండ్లు దీని మీదనే అంట్లు తోమిన," అంది. "నువ్వు గోడ మీదికెల్లి సూస్కుంట, ఇయ్యాల కూరేందని అడిగినవ్."

నిన్నటి అంట్లు బండ మీద అలాగే ఉన్నాయి. రాజ్యం ఒక్కొక్క గిన్నె తీసి పక్కన పెట్టసాగింది. సాయం చేయబోయి మార్తమ్మ వంగితే, ఆ చెయ్యి తోసేసింది.