వాన బరువు మోసిన ఇరుసు

శనివారం పొద్దున కోళ్లకు గింజలు చల్లి, కాఫీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని లియోటా షెడ్డులోకి వెళ్లేసరికే ఆర్వల్ బాబాయ్ కారు కింద దూరి ఉన్నాడు. బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

పశ్చిమ కాన్సస్‌లో వేసవి నుంచీ చినుకు లేదు. సెప్టెంబరు సగమైనా గోధుమ విత్తడానికి నేలలో తడి లేదు. ఈ వారం కూడా ఇంతే అయితే పొలం కౌలుకిచ్చి, విచిటాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామని లియోటా పెట్టె సర్దుకుంది.

ఇక మిగిలిన ఆశ ఈ కారే. 1934 నాటి బండి. లియోటా నాన్న దాని కప్పు కోసి కిందికి దించి, రెట్టింపు బలమున్న ఇంజను పెట్టాడు. ధాన్యపు గోదాము వెనక రోడ్డు మీద దాన్ని గట్టిగా తోలితే వాన వచ్చేది. ఇంజను చప్పుడు వినగానే ఊళ్లో ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసేవారు. చిక్కల్లా వెనక ఇరుసుతోనే. నాలుగు చినుకులు పడీ పడకముందే పుటుక్కున విరిగేది. వాన అక్కడితో సరి. అందుకని ఈసారి తుక్కు దుకాణం నుంచి ఓ పాత ట్రక్కు ఇరుసు తెచ్చి, ఈ కారుకు సరిపడా కురచ చేయించారు.

"ఇరుసు అతికించేయనా?" అన్నాడు బాబాయ్ కింద నుంచే.

"కారు గాల్లో ఉండగానా? నాన్న చేత తిన్న తిట్లు చాల్లేదా నీకు?"

పైకెత్తిన కారుకు కమాను స్ప్రింగులు వేలాడుతుంటాయి. నేలకు దిగి, మనిషి ఎక్కాక అణుగుతాయి. ఇంజను నుంచి వచ్చే కడ్డీకి ఇరుసు ముక్కు ఏ వాలులో అందాలో అప్పుడే తెలుస్తుంది. ఆ వాలు తప్పితే ఎంత లావు ఇరుసైనా నిలవదు. అందుకని ముందు ఇరుసు జారకుండా చుక్క అతుకులు మాత్రం వేసి, కారు దించారు. లియోటా ఎక్కి కూర్చుంది. బాబాయ్ వాలు కొలిచి తల గోక్కున్నాడు.

"మీ నాన్నా ఇలాగే కూర్చునేవాడే. మరి ఎందుకు విరిగేదంటావ్?"

"వాన వెనక నుంచి పట్టుకు లాగుతుంది కదా బాబాయ్. దాని బరువు ఎప్పుడైనా లెక్కలో వేశామా?"

బాబాయ్ బయటికి పాకి వచ్చాడు. విత్తనానికి దాచిన గోధుమ బస్తాలు మోసుకొచ్చి డిక్కీలో వేశాడు. కారు వెనక కుంగింది, వాలు మారింది. దాన్ని సరిచేసి, అప్పుడు గట్టిగా అతికించాడు. మధ్యాహ్నానికి బస్తాలు దించేశారు.

"ఆ చోట్లో ఇక వానే కూర్చోవాలి. బండి పోనియ్," అన్నాడు.

లియోటా ఒక్కతే గోదాము వెనక రోడ్డెక్కి గట్టిగా తొక్కింది. చక్రాలు దుమ్ము చిమ్మాయి. పడమట ఆకాశం ఊదారంగుకు తిరిగింది. మొదటి చినుకు అద్దం మీద పగిలినప్పుడు, విరిగే చప్పుడు కోసం ఆమె ఊపిరి బిగబట్టింది. చప్పుడు రాలేదు. కారు వెనక్కి కుంగింది, సరిగ్గా ఆ బస్తాలు కుంగించినంత. తడిమట్టి వాసన కిటికీలోంచి లోపలికి దూకింది. చూస్తుండగానే ఆమె పొలం తడిసి నల్లబడింది. గోదాము వానలో కనబడకుండా పోయింది.

ఆ రోడ్డు చివరిదాకా ఈ కారు ఏనాడూ రాలేదు. అక్కడో కూడలి. లియోటా ఆపి, అద్దంలో చూసింది. వాన కారు వెనకే, రోడ్డుకు అడ్డంగా, నేల నుంచి ఆకాశం దాకా గోడలా నిలబడి కురుస్తోంది. ముందున్న తారు పొడిగా మెరుస్తోంది. ఆమె కదిలితే తానూ కదలాలని వాన కాచుకుని ఉంది.

ఎడమకు వెళితే విచిటా. కుడికి ఇరుగుపొరుగు పెన్నర్ల పొలాలు, వాటి అవతల ఆమె పేర్లు కూడా ఎరగనివాళ్ల పొలాలు, అన్నీ ఎండి ఉన్నాయి.

లియోటా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వెనకొచ్చే బండికి చూపినట్టే, కుడికి తిరుగుతున్నానని వానకు చూపించింది.