గడువు బాబాయ్

కిటికీ ఉన్న గదిని ప్రభుత్వం వెనక్కి తీసుకున్న రోజు కూడా మండలి గుమాస్తా ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వచ్చాడు. కొత్తగా ఇచ్చింది మెట్ల కింద గది. బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది. సన్నటి చెయ్యి పక్కగా దూర్చి ఫైలు లాగాడు. దుమ్ము చొక్కాకే తుడుచుకున్నాడు.

వాతావరణ మార్పుపై ప్రభుత్వానికి సలహాలిచ్చే స్వతంత్ర నిపుణుల మండలి అది. ఆజ్ఞాపించే అధికారం లేదు. అయితే ఏ సలహానైనా ఒప్పుకుంటున్నదీ లేనిదీ, లేకపోతే ఎందుకో, తొంభై రోజుల్లో ప్రభుత్వం చట్టసభకు రాసివ్వాలి. ఆ రోజులు లెక్కపెట్టడమే ఆయన ఉద్యోగం. అందరికీ ఆయన గడువు బాబాయ్.

ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం రోడ్డు పనులు ఆపాలన్న సలహాకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు తీరుతుంది. వచ్చిన జవాబు ఒకటే ముక్క: "పరిశీలనలో ఉన్నది." ఆరేళ్ల కిందట ఇలాంటి సలహాకే వచ్చిన ఇదే ముక్కను జవాబనుకుని ఆయన ఫైలు మూసేశాడు. ఆ వేసవిలో తారు పోస్తూ ఎండదెబ్బకు ఇద్దరు కూలీలు చనిపోయారు.

కాగితం పట్టుకుని రోడ్ల శాఖ కార్యాలయానికి నడిచాడు.

"మళ్లీ వచ్చావా బాబాయ్! గది పీకేసినా బుద్ధి రాలేదా?" అంది సెక్షన్ ఆఫీసరు.

"గది పోతే పోయిందమ్మా, చట్టం ఉందిగా. ఇది అవునా, కాదా?"

"కాదని రాస్తే సభలో మంత్రిగారిని ఉతికేస్తారు."

"ఉతకనీ. సభ ఉన్నది అందుకేగా. నువ్వు రాయించు, నేనిక్కడే ఉంటా."

"మొండిఘటం!" అంటూనే కుర్చీ జరిపి, టీ తెప్పించింది.

నాలుగున్నరకు జవాబు తయారైంది. "కాదు, పనులు ఆలస్యమవుతాయి." ఐదుకు ముందే దాన్ని సభ కార్యాలయంలో ఇచ్చి, ఇల్లు చేరాడు.

"ఇవాళ నాకు కుర్చీ వేశారు. టీ కూడా ఇచ్చారు," అన్నాడు భార్యతో, చాలా సంతోషంగా.

"భోజనం కూడా అక్కడే కానిచ్చి రాకపోయారా!"

తెల్లవారి ఆమె లేపితే ఆయన పలకలేదు.

ఆ వారమే సభలో అడిగారు, ఆలస్యం ఎన్నాళ్లని. మంత్రి దగ్గర లెక్క లేదు. దాంతో పన్నెండు నుంచి మూడు దాకా పనులు ఆపాలని ఉత్తర్వు వచ్చింది. నీడలో కూర్చున్న కూలీలకు బాబాయ్ ఎవరో తెలియదు. మండలి అధ్యక్షురాలు మాత్రం పరామర్శకు వచ్చి ఆయన భార్య చేతులు పట్టుకుని, "మేం సలహాలు రాశామమ్మా. జవాబులు తెచ్చింది ఆయనే," అంది.

ఆయన బల్లమీద ముంపు కాలనీ వాళ్లకు వేరేచోట ఇళ్లివ్వాలన్న సలహా ఫైలు ఉంది. దానికి ఇంకా జవాబు రాలేదు.