వలంతల

గుడి పండగ పూరం ముందురోజు ఎవరైనా కారులో వూఫర్ స్పీకరు పెట్టమని వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తెల్లారితే ఊరంతా చెండ డోళ్ళు మోగబోతుంటే వీళ్ళకి ఈ మోత దేనికి? గిరిజ తన పాత వ్యాన్ తెచ్చి నా షెడ్డులో నిలిపినప్పుడు కూడా మొహం మాడ్చుకునే వెళ్ళాను.

"పెద్ద మోత అక్కర్లేదు దేవస్సీ చేట్టా. వలంతల ఒక్కటి తెలిస్తే చాలు," అంది.

మా భాషలో వలం అంటే కుడి. కుడి సీటు కింద పెట్టమంటోంది కాబోలనుకున్నాను. చర్చి బ్యాండులో బాకా ఊదుతూ పెరిగినవాణ్ణి, చెండ సంగతులు నాకేం తెలుసు?

ఎడమ సీట్లో ఆమె తండ్రి రాఘవ మారార్ కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు మేళంలో వెనక వరుసలో చెండ వాయించాడు. ఆ మోతే ఆయన చెవుల్ని తినేసింది. మూడేళ్ళుగా పూరం మొహం చూడలేదు. రేపు ఒక్కసారి వరుసలో నిలబడమని శిష్యులు వచ్చి బతిమాలితే, "వినపడనివాడు తాళం చెడగొడతాడు, పొండి" అన్నాడట. గిరిజే చెప్పింది. తెల్లారేలోగా ఆయన మనసు మారాలి. అందుకే ఈ వూఫర్ పెట్టె.

బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, కరెంటు వైరు ఎడమ అంచున, పాట వైరు కుడి అంచున లాగాను. రెండూ కలిపి లాగితే ఇంజను గొణుగుడు పాటలోకి దూరుతుంది. సీటు బోల్టు కింద రంగు గీకి ఎర్తు వైరు బిగించాను. స్టీరియో వేస్తేనే పెట్టె మేలుకునేలా సన్నటి నీలం వైరు ఇంకొకటి. పెట్టెను డ్రైవరు సీటు కిందికి తోసి స్క్రూలు వేశాను. బయట ఎండలోనే వాన పడుతోంది. రేకుల మీద చినుకులు, ఎక్కడినుంచో పనసపండు వాసన. ఎవరి కలలోనో పనిచేస్తున్నట్టు చేతులు వాటంతట అవే కదిలాయి.

గిరిజ పెన్‌డ్రైవ్ పెట్టింది. పాతికేళ్ళ నాటి మేళం, ఆయన వాయించినదే. కుడి తలుపు దగ్గర నిలబడ్డ నాకు పళ్ళు అదిరాయి. ఆయన మాత్రం అద్దం మీద జారుతున్న నీళ్ళను చూస్తున్నాడు.

"ఇటు పెట్టావేంటి?" అంది గిరిజ.

"వలం అన్నావుగా."

"నా ఖర్మ. వలంతల అంటే చెండకి బొంగురుగా మోగే ముఖం. మా అచ్చన్ వాయించింది అదే. ముందు వరుస వాళ్ళు విన్యాసాలు చేస్తుంటే వెనక వీళ్ళు తాళం మొయ్యాలి. ఈ ఊళ్ళోనే పుట్టి ఇన్నాళ్ళూ ఏం విన్నావు?"

"బాకా," అన్నాను. నిజంగానే సిగ్గేసింది.

స్క్రూలు విప్పబోతే ఆపింది. తండ్రిని దింపి, చెయ్యి పట్టుకుని ఇటు తెచ్చి, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. ఏనాడూ బండి నడపని మనిషి స్టీరింగును బెదురుగా పట్టుకున్నాడు. నేను తలుపుల్లోని స్పీకర్లను పూర్తిగా తగ్గించేశాను. ఇప్పుడు పెట్టె ఒక్కటే మోగుతోంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముందు మడమ కదిలింది. తర్వాత మోకాలు. కాసేపటికి కుడి అరచెయ్యి స్టీరింగు మీద పడటం మొదలుపెట్టింది. బయట వాన, లోపల ఆ చెయ్యి. ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ పోలేదు.

"మోళే," అన్నాడు కూతురితో, చెవిటివాళ్ళ గట్టి గొంతుతో. "ముందు వరుస వాళ్ళు ఇవాళ రాలేదా?"

గిరిజ తల అడ్డంగా ఊపింది. ఏడుస్తూ నవ్వింది. నలభై ఏళ్ళు ఒకరి వీపు వెనక నిలబడి మోసిన తాళం, ఇవాళ ఆయనకి అదొక్కటే వినిపిస్తోంది.

మేళం ఆగాక కూడా ఆయన స్టీరింగు వదల్లేదు.

"అటక మీంచి నా చెండ దించు. గుళ్ళో వట్టి కాళ్ళతోనేగా నిలబడేది. కాళ్ళకి తెలుస్తుంది."

షెడ్డు మూసేసి, వాళ్ళింటి అటక ఎక్కడానికి నేనే వెళ్ళాను.