తినేవాళ్ళు లేని సముద్రం

"నువ్వు కడిగితే సీసా అద్దంలా మెరుస్తుందమ్మాయ్. ఇంకెవరికీ ఆ ఓపిక లేదు," అన్నాడు పెద్దసారు, సింకు పక్కన నిలబడి టీ తాగుతూ. ఆమె మోచేతుల దాకా తొడుగులు వేసుకుని ఆసిడ్ నీళ్ళలోంచి పెద్ద పెద్ద సీసాలు తీసి కడుగుతోంది. చెవుల పక్కన జుట్టు నెరిసింది, సముద్రపు నీటి మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది, అయినా ఆ గదిలో ఆమె ఇంకా అమ్మాయే. పొద్దున ఇంట్లోనూ ఇలాంటి మెప్పే దొరికింది. "నీ చేతి కాఫీ పడితేగాని నాకు ఒళ్ళు కదలదోయ్," అన్నాడు భర్త. కాఫీ పడ్డాక కూడా కదల్లేదు. ఈ మగవాళ్ళ మెచ్చుకోలు ఎంత దూరమైనా వస్తుంది, సింకు దాకా మాత్రం రాదు అనుకుంది ఆమె.

ఆ సీసాలు ఓడ ఎక్కుతాయి. ఆమె ఎక్కదు. ఏటా గాలులు మళ్ళే కాలంలో తీరానికి కాస్త ఎడంగా సముద్రం అడుగునుంచి చల్లని నీరు పైకి పొంగుతుంది. అడుగున పేరుకున్న సారమంతా దానితో పైకొస్తుంది. వృక్షప్లవకాలనే పచ్చని నలుసులు ఆ సారం పీల్చుకుని, ఎండ తగలగానే ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి. వాటిని మేస్తూ జంతుప్లవకాలు తిరుగుతాయి. ఎంత పెరిగిందో, ఎంత తిన్నారో తేల్చడానికి ఒక ఉపాయం ఉంది. కొన్ని సీసాల్లో సముద్రపు నీరు ఉన్నదున్నట్టు పడతారు. కొన్నింట్లో వడకట్టిన నీరు కలిపి పల్చన చేస్తారు. పల్చటి నీటిలో మేసేవాళ్ళకు మేత అంత సులువుగా ఎదురుపడదు, కాబట్టి నలుసులు తెరిపిన పడి పెరుగుతాయి. ఒక రోజు ఆగి రెండింటినీ పోల్చి చూస్తే తిండిపోతుల లెక్క తేలిపోతుంది.

కిందటేడు ఓడ ఎక్కినవాడు ఆమెకన్నా బాగా చిన్నవాడు. పనిలో చురుకని పెద్దసారు అతన్ని మెరుపు అని పిలుస్తాడు. మెరుపు తిరిగొచ్చాక రెండు రకాల సీసాల్లోనూ పెరుగుదల ఒక్కలాగే ఉందని తేలింది. పెద్దసారు పొంగిపోయి, ఆ నీటిలో మేసేవాళ్ళే దాదాపు లేరని వ్యాసం రాసేశాడు. ఆమె మాత్రం ఓడ మీదే చెడకుండా మందు కలిపి దాచిన నీటిబొట్లను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. సముద్రంలోంచి నేరుగా తీసిన నీటిలో మేసేవాళ్ళు కుప్పతెప్పలుగా ఉన్నారు. సీసాల్లోని నీటిలో ఒక్కటీ లేదు.

"సీసాలు ఎలా నింపావు బాబూ?" అని అడిగింది.

"ఎలా ఏముంది మేడమ్? నీళ్ళు తోడిన పీపా కుళాయి పూర్తిగా తిప్పేశా. నురగలు కక్కుతూ చిటికెలో నిండిపోయాయి!" అన్నాడు గొప్పగా.

అదీ సంగతి. ఆ మేసేవాళ్ళకు పెంకు లేదు, గట్టి చర్మం లేదు. మెత్తని గొట్టం సీసా అడుగుదాకా దించి, బుడగ రాకుండా, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు నింపాలి. వీడి దూకుడుకి అవి అక్కడికక్కడే చితికిపోయాయి. వాటిని తామే చంపేసి, తినేవాళ్ళు లేరని లోకానికి చాటుతున్నారు. ఆమె వెళ్ళి చెబితే పెద్దసారు కళ్ళజోడు సర్దుకుని, "మైక్రోస్కోపు ఎక్కువ చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయమ్మాయ్, కాస్త విశ్రాంతి తీసుకో," అన్నాడు. సీసాలు ఎక్కువ కడిగితే ఏమవుతుందో మాత్రం ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆమెకు ఆశ్చర్యం కూడా వేయలేదు. ఒకసారి ఒంట్లో బాగోలేక, ఇంటిపనితో నలిగిపోతున్నానని నోరు జారితే భర్త నిజంగానే చుట్టూ చూసి, "ఇక్కడ నిన్ను ఎవరు పీక్కు తింటున్నారే?" అన్నాడు. అప్పుడు ఆయన చేతిలో ఆమె వడ్డించిన కంచముంది. అత్తగారు గుమ్మంలోంచే, "మేం చేయలేదా తల్లీ? మా కాలంలో ఇలా నలగడాలు ఎరగం," అంది. కోడలు రోజూ దణ్ణం పెట్టుకునే మనిషి. ఆ నలుసులకు ఇవ్వని నోరు నాకెందుకిచ్చావు స్వామీ, వడ్డించమంటారా అని అడగడానికేనా, అని ఆ పూట దేవుణ్ణే అడిగింది.

ఇవాళ కడిగిన సీసాలు ఆరబెడుతుండగా పెద్దసారు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. పత్రిక నుంచి వ్యాసం వెనక్కి వచ్చింది. తినేవాళ్ళే లేకపోతే ఇన్నాళ్ళకు మీ సముద్రం పచ్చగా చిక్కబడిపోవాలి కదా, ఎందుకు అవలేదు అని దాన్ని పరిశీలించినవాళ్ళెవరో అడిగారట.

"మెరుపు మళ్ళీ వెళ్తున్నాడు. ఆ గొట్టం పట్టడం ఏదో కాస్త చూపించు."

"చూపించను సార్. నేనే వెళ్తాను."

"ఓడా? నువ్వా? ఇంట్లో ఒప్పుకోవద్దూ?"

"మెరుపుని ఎప్పుడైనా అడిగారా, వాళ్ళింట్లో ఒప్పుకున్నారా అని?"

పెద్దసారు చల్లారిన టీని చూసుకున్నాడు. వ్యాసం మునిగితే ముందు మునిగేది ఆయన పేరే. "సరే, రేపు పొద్దుటికి చెప్పు. లేకపోతే వాడి పేరే పంపేస్తా," అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పేసింది, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా. "ఓడ మీద వెళ్తున్నాను. నెల పడుతుంది."

భర్త నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపాడు. "నెలా? మరి మా తిండి సంగతో?"

ఆమె ఉద్యోగం గురించి ఇన్నేళ్ళలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదేనని ఆమెకు జాలి కూడా కలగలేదు. మైక్రోస్కోపు కింద ఉన్నవాటి మీద ఇంతకన్నా గౌరవం ఉంది ఆమెకు. అవి మేస్తూ ప్రశ్నలు వేయవు.

అత్తగారు మాత్రం మరో దారిలో పోయింది. "అంతమందికి ఓడలో వంట ఎవరు చేస్తారే?"

"వంటవాడున్నాడు అత్తయ్యా."

"మగాడా! మూడు పూటలా?"

"మూడు పూటలా."

"విన్నావట్రా?" అంది ఆవిడ కొడుకు వైపు తిరిగి. "ఊగే ఓడలో మగాడు వండుతున్నాడట. కదలని ఇంట్లో నీకేం రోగం?"

"బాగుందమ్మా! వాడికది ఉద్యోగం. జీతం ఇస్తారు. ఊరికే ఎవడు చేస్తాడు?"

అన్నాక కూడా ఆయనకు తానేమన్నాడో తెలియలేదు. కూర వేయమని కంచం ముందుకు జరిపాడు. ఆమె గరిట ముట్టుకోలేదు. అత్తగారి వైపే చూస్తోంది. నోటిదాకా వెళ్ళిన ఆవిడ చేయి కంచంలోకి దిగింది. గుమ్మం అవతల వంటగదిలోకి, అక్కడ ఎవరో ఉన్నట్టు, చాలాసేపు చూసింది.

"ఎప్పుడమ్మా ప్రయాణం?" అంది కోడలితో, కొడుకు కంచం చూడకుండా.